కడిగేసిన వేళ్లు

అమీర్‌పేట,
నవంబరు 9, 1943

అన్నయ్యా,

నీ మేనకోడలు వకుళను పూడ్చిన చోట నాటమని బాపట్ల నుంచి పంపావే, ఆ సరుగుడు మొక్కలు మూడూ ఎండిపోయాయి. తప్పు నాదే. సముద్రపు ఇసుక పంజాగుట్ట మట్టికి పడదేమోనని వేళ్లను బావినీళ్లతో శుభ్రంగా కడిగాను. వేళ్లకున్న బొడిపెలు తెగులనుకుని ఒక్కొక్కటే గిల్లేశాను.

బేగంపేట తోటలో పనిచేసే ఐలయ్య చూసి తల పట్టుకున్నాడు. "గా బొడిపెలల్ల, గా ఇసుకల కంటికి కానరాని జీవులుంటయట అమ్మా. ఇసుకల మొలిచిన చెట్టుకు గవ్వే బువ్వ పెడ్తయని మా తోట సారు చెప్పిండు. మీరు గవిట్నే కడిగేసిన్రు" అన్నాడు.

ఇక మొక్కలు పంపకు. మొన్న వేసవిలో మీ ఇంటికొచ్చినప్పుడు వకుళ ఆడుకున్న సరుగుడు చెట్టు కింద, వేళ్లను అంటుకున్న ఇసుక ఒక డబ్బాడు తవ్వి పంపు. మీ బావగారికి మాత్రం రాయకు. ఇంకా దాన్నే తలుచుకుంటున్నానని కోప్పడతారు.

ఇంకొకటి. దాని గౌను ఏదైనా మీ ఇంట్లో ఉండిపోయిందేమో వదినను వెతకమను. దొరికితే ఉతకొద్దని చెప్పు. ఇక్కడున్నవన్నీ మైలబట్టలని ఆ రోజే నా చేతులతో ఉతికేశాను.

నీ చెల్లెలు