ఘాటు రాని మిరపకాయలు

పత్తికొండ, 2008, ఆదివారం రాత్రి

మనవరాలు రేణుక గుండె ఆపరేషన్‌కు సాయం అడుగుతూ ఇంటర్నెట్‌లో తాను పెట్టిన బిడ్డ ఫొటోను నెట్ సెంటర్ ఖాజా ఈరోజు నాకు చూపించాడు.

"నవ్వే ఫొటోకు ఒక్కరూ ఇయ్యలేదవ్వా. ఏడ్చేది పెట్టినాక దుబాయ్ నుంచి శానామంది దుడ్లు పంపిస్తాండారు," అన్నాడు.

"అంతమంది కండ్లు పడితే బిడ్డకు దిష్టి తగల్దా అప్పా?"

"దుబాయోళ్ళ దిష్టి పత్తికొండకు యాడొస్తాదవ్వా! దానికి బస్సు దొరకొద్దా?"

నాకు నవ్వు రాలేదు. దుడ్లు వస్తున్నాయన్న సంతోషమూ కలగలేదు. ఇంటికొచ్చి రేణుకకు ఉప్పు, మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేశాను. కొంచెం కూడా ఘాటు రాలేదు. దిష్టి గట్టిగా తగిలితేనే అట్లా అవుతుంది.

వచ్చిన దుడ్లు ఆపరేషన్‌కు ఇంకా చాలవు, అందుకే ఫొటో తీసెయ్యమని చెప్పలేను. ఇంకా శానామంది చూడాలని సుంకులమ్మ తల్లికి దండం పెట్టాను. ఎవరూ చూడొద్దని ఇంకోసారి పెట్టాను.