బదులిచ్చే పెట్టె

మావయ్యకి నమస్కారాలు.

నా కచేరీలో నీ డ్రమ్ముకి జోడీగా పలికే ఎలక్ట్రానిక్ పెట్టెని పంపుతున్నాను. మీట నొక్కి వాయించు. నీ దెబ్బ విని, దాన్నే కొత్త శబ్దంగా మార్చి తిరిగి పలుకుతుంది. మీ ఇద్దరికీ కుదరకపోతే మొహమాటపడకు, నీ భాగం కూడా కంప్యూటర్‌కే ఇచ్చేస్తాను.

నీ మేనకోడలు
బుడంకాయ

తా.క. నువ్వు ఫోనెత్తవు కాబట్టే ఈ ఉత్తరం.

---

బుడంకాయకి మావయ్య దీవెనలు.

నా భాగం ఎవరికీ ఇవ్వక్కర్లేదు. మీట నొక్కి చాలాసేపు వాయించాను. ఉలుకూ పలుకూ లేదు. మీ అత్తయ్య పోయాక ఈ ఇంట్లో నాకది అలవాటే. చివరికి ఒళ్లు మండి డ్రమ్ము మీద నాలుగు గట్టిగా వేస్తే, ‘ధబ్ ధబ్’ అంది. ఎలక్ట్రానిక్ శబ్దమంటే ఇంతేనా?

మావయ్య

తా.క. దానికి తాళం తెలీదు. ఎవరి పెంపకమో!

---

మావయ్యా,

నా పెట్టె గాజు గిన్నెలా మోగాలి. ధబ్ ధబ్ ఏమిటి? పాడైనట్టుంది, వెనక్కి పంపించు. ఇక వ్యవధి లేదు, నీ భాగం కంప్యూటరే వాయిస్తుంది. ఏమీ అనుకోకు.

బుడంకాయ

---

బుడంకాయకి,

పంపను. మాకిప్పుడు బాగా కుదిరింది. నేనాగితే అదీ ఆగుతుంది. కాసేపటికి ‘ఉన్నావా?’ అన్నట్టు మెల్లిగా ఒకటి కొడుతుంది. మొన్న జ్వరంతో పడుకుంటే సాయంత్రం దాకా అదే కొడుతూ ఉంది. నేనున్నానో లేనో కనుక్కున్నవాళ్లు ఈ మధ్య ఇంకెవరూ లేరే. కచేరీ పోతే పోయింది, పెట్టెని మాత్రం నాకొదిలెయ్.

మావయ్య

తా.క. దానికి మధ్యాహ్నం కునుకు అలవాటు. అప్పుడు వాయిస్తే కోపంగా కొడుతుంది.

---

మావయ్యా,

బల్ల సర్దుతుంటే ఆ పెట్టె బ్యాటరీ దొరికింది. ఇక్కడే మర్చిపోయాను. అది లేకుండా పెట్టె పలకనే పలకదు. నాకు భయంగా ఉంది. శనివారం డాక్టర్ని వెంటబెట్టుకుని వస్తున్నాను.

బుడంకాయ

తా.క. దయచేసి ఫోనెత్తు.

---

బుడంకాయకి,

డాక్టరొద్దు. నీ ఉత్తరం చదివి, చెప్పులేసుకెళ్లి పక్కవాటా తలుపు కొట్టాను. ఒంటరిగా ఉండే ముసలి టైలరు, చేతిలో గుడ్డ కొలిచే చెక్క గజంతో తలుపు తీశాడు. ఇన్నేళ్లుగా ఒకరి మొహం ఒకరు సరిగ్గా చూసుకోలేదు. మొదట్లో నన్ను నోర్మూసుకోమని గోడ బాదాడట. తర్వాత ఎందుకు బాదాడో తనకీ తెలీదన్నాడు. నాకు జ్వరం తగ్గిందా అని అడిగాడు. జ్వరమని నీకెలా తెలుసయ్యా అంటే, దగ్గు వినపడిందన్నాడు. నాకు ఏడుపొచ్చింది.

పెట్టెని కూడా పట్టుకుని, ఆయనా నేనూ కచేరీకి వస్తున్నాం. నీ పెట్టెకి బ్యాటరీ వేసి దాని గాజు గిన్నెని మోగించుకోమను. వేదిక మీద ఆయనకో కుర్చీ, బాదడానికో పాత తలుపూ పెట్టించు.

మావయ్య

తా.క. ఆయనకి తాళం ఇప్పటికీ రాదు. కానీ నేనాగితే ఆగి, ఎందుకాగానో చూస్తాడు. చేతనైతే నీ పెట్టెకి అది నేర్పు.