గోడకు ఒరిగి

లచ్చీ,

మన స్వప్నకు ఆడపిల్ల పుట్టింది. కాన్పు తర్వాత గుండె బలహీనపడే అరుదైన జబ్బు మీద పరిశోధన చేస్తున్న డాక్టరమ్మ ఒకామె కరీంనగర్‌లో స్వప్నకు గుండె స్కానింగ్ తీసింది. "పండుకుంటే దమ్మొస్తుందా, ఊపిరాడక లేస్తున్నవా?" అని అడిగింది. "లేదు మేడం" అంది స్వప్న.

"గా జబ్బొస్తే పండుకోలేరు పెద్దాయనా, కూసునే ఉంటరు" అని డాక్టరమ్మ నాతో చెప్పింది.

స్వప్న పుట్టినప్పుడు నువ్వు రాత్రంతా పిల్లను ఒళ్లో పెట్టుకుని గోడకు ఒరిగి కూర్చునే ఉండేదానివి. నీ కాళ్ల వాపు చూసి మా అవ్వ "బాలింత నీరు, గదే తగ్గుతది" అంది. పిల్ల కోసమే మేలుకుంటున్నావని వాడంతా మెచ్చుకుంది. నెల తిరగకముందే పోయావు.

నీ బిడ్డ గుండె మంచిగా ఉందట. సిరిసిల్లకు వచ్చాక, పక్కింటి మరమగ్గాల మోతలోనే, పసిదాన్ని పక్కన వేసుకుని వెల్లకిలా పడుకుని నిద్రపోయింది.

నేను గోడకు ఒరిగి చూస్తూ కూర్చున్నాను.