తలుపేసుకుని లెక్కలు

అక్కకు,

అక్షరాలు వంకరగా ఉన్నాయనీ, తప్పులున్నాయనీ నవ్వకు. నాలుగో తరగతితో ఆగిపోయిన చెయ్యి ఇది.

బీరువాలు మోసీ మోసీ మీ మరిదిగారి వెన్నులో ఒక పూస ముందుకు జారింది. ఆరు వారాలు బరువు ఎత్తకుండా, రోజూ కసరత్తు చేస్తే ఆపరేషన్ తప్పొచ్చన్నారు డాక్టరమ్మ. వెల్లకిలా పడుకుని, పొట్ట బిగించి, మోకాళ్లు గుండెల దాకా తెచ్చుకోవాలి. "చంటిపిల్లాడిలా కాళ్లాడించనా?" అని ఈయన మొండికేశారు. ఆపరేషన్ మాట తలుచుకుంటే నాకు ముద్ద దిగలేదు. అందుకే ఒక అబద్ధం ఆడాను. భార్య కూడా పక్కన పడుకుని చెయ్యాలనీ, లెక్క పైకి చెప్పాలనీ చీటీలో రాసి ఉందన్నాను. ఆయనకు చదువు రాదు కదా.

అప్పటినుంచి పొద్దునా సాయంత్రం తలుపేసుకుని ఇద్దరం కసరత్తు చేస్తున్నాం. పెళ్లయ్యాక ఆయనతో పట్టుమని పది మాటలు మాట్లాడనిదాన్ని, "పొట్ట లోపలికి! ఏడు! ఎనిమిది!" అని గద్దిస్తున్నాను. అత్తయ్య బయటినుంచి, "ఏమే, మీ బడి ఇంకా వదల్లేదా?" అంటారు.

నిన్న ఎక్స్‌రే తీశారు. పూస ఇంకేమీ కదల్లేదట, ఆపరేషన్ అక్కర్లేదట. కసరత్తు మాత్రం మానకూడదట. ఆ సంతోషంలో, నేను పక్కన ఉండాలని చీటీలో లేనే లేదని చెప్పేశాను. ఆయన చాప పరుస్తూ, "అయినా లెక్క నువ్వే చెప్పు. నాకు ఐదు దాటితే గుర్తుండదు" అన్నారు.

గోదాములో బీరువాలన్నీ ఒక్కటి తప్పకుండా లెక్కపెట్టే మనిషక్కా!

ఇది చదవగానే కాల్చెయ్యి. బావ కంటపడిందంటే, ఈసారి మీ ఇంటికొచ్చినప్పుడు నన్ను గుమ్మంలోనే నిలబెట్టి లెక్కలు చెప్పమంటారు.

నీ చెల్లెలు