గురజాల వైపు ఇండికేటర్

పిడుగురాళ్ల, సెప్టెంబరు 4

రిటైర్డు పోస్టుమాస్టరు త్రికోటేశ్వరరావు గారికి నమస్కారం.

నేను క్షేమం. మీరు అమ్మిన బండి సంగతే తేలడం లేదు.

"బండి గురించి ఏదున్నా ఉత్తరం రాయాలి, ఫోన్లో చెప్పిన మాటకు ముద్ర ఉండదు" అని అమ్మిన రోజే నాతో సంతకం పెట్టించుకున్నారు కదా, అందుకే కవరు కొన్నాను. పోస్టాఫీసులో అమ్మాయి నన్ను జాలిగా చూసింది.

పదహారేళ్ల పాత స్పోర్ట్స్ బండి అని తెలిసే తీసుకున్నాను. ఇంటర్లో ఉన్నప్పటి నుంచి నాకు దాని మీద మోజు. ఇంజను విప్పించి బోరింగు చేయించాను, ట్యాంకుకు ఎర్ర రంగు కొట్టించాను. మా మెకానిక్ జమాల్ భాయ్ దాని వెనక చూసి ఒకటే నవ్వు. "రేసు బండికి శారీ గార్డేందమ్మా! ఆంబోతుకి జడేసినట్టు!" అని దాన్ని కోసి పాత ఇనుములో పారేశాడు.

ఆ రోజు నుంచి బండి వెనక భాగం కుంగుతోంది. నేనొక్కదాన్నే నడుపుతున్నా వెనక ఇంకొకరు ఉన్నట్టే ఉంటోంది. కొత్త షాక్ అబ్జార్బరు వేయించినా అంతే. దాని మీద మీరు ఎరువు బస్తాలు మోశారా? నిజం చెప్పండి.

కుంగిన బండి మీద ఉన్న,
ఉష (పశువుల ఆసుపత్రి, దుర్గి)

తా.క. బరువు అన్నివేళలా ఉండదు. నేను పొద్దున స్టార్ట్ చేసి "పోదామా" అన్నాకే ఎక్కుతోంది. బండితో మాట్లాడటం నాకు అలవాటు లెండి.

నరసరావుపేట, సెప్టెంబరు 8

చి. ఉషను దీవించి త్రికోటేశ్వరరావు రాయునది.

నీ ఉత్తరం అందింది. పిన్‌కోడులో చివరి అంకె తప్పు. అయినా చేరిందంటే అది మా శాఖ గొప్పతనం.

నా బండి మీద ఎరువు బస్తాలా? ఎంత మాట! పన్నెండేళ్లు ఆ బండి మీద నేనూ, మా ఆవిడ రాజేశ్వరీ తప్ప పురుగు కూడా ఎక్కలేదు. ఆమె నలభై ఎనిమిది కిలోలు. నువ్వెంత? పశువుల మధ్య ఉంటూ పశువుల లెక్కనే తింటున్నావేమో చూసుకో. బండి వాపసు తీసుకునేది లేదు.

శారీ గార్డు కోయించావా? నీకు చేతులెట్లా వచ్చినయ్? ఆ వెనక సీటు అటక మీద కూర్చున్నట్టు ఉంటుంది. ఒకపక్కకు కూర్చుంటే చీర చక్రంలో పడుతుందని ఆమె పట్టుబట్టి వెల్డింగ్ చేయించుకుంది. షాపు వాళ్లు కుదరదంటే వాళ్లకు టీ పోయించి మరీ చేయించుకుంది. ఆమె పోయి మూడేళ్లు. ఖాళీ సీటు చూడలేకే బండి అమ్మాను. వెంటనే కొత్త గార్డు పెట్టించు.

కోపంగా ఉన్నా మంచి కోరే,
త్రికోటేశ్వరరావు

తా.క. బరువు చూసుకుని రాయి. అన్నం తినకముందు చూసుకో.

పిడుగురాళ్ల, సెప్టెంబరు 13

పోస్టుమాస్టరు గారికి,

ఈసారి పిన్‌కోడు రెండుసార్లు సరిచూశాను.

గొర్రెల్ని తూచే కాటా మీద బరువు చూసుకున్నాను. యాభై రెండు. తర్వాత జమాల్ భాయ్ బండి వెనక చక్రాన్ని కాటా మీదికి ఎక్కించాడు. బండి మీద ఎవరూ లేరు. నేను పక్కన నిలబడి "పోదామా" అన్నాను. ముల్లు కదిలింది. సరిగ్గా నలభై ఎనిమిది కిలోలు పెరిగి ఆగింది. జమాల్ భాయ్ పానా కింద పెట్టి మసీదుకు పోయాడు. శుక్రవారం కూడా కాదు, ఆ రోజు మంగళవారం.

ఇంకోటి. కారంపూడిలో గురజాల రోడ్డు కలిసే చోట ఇండికేటర్ దానంతట అదే వెలుగుతోంది. నేను డ్యూటీకి పోయేటప్పుడు కుడిది, వచ్చేటప్పుడు ఎడమది. షార్ట్ సర్క్యూట్ అని వైర్లన్నీ మార్పించాం. అయినా మానలేదు. "పొద్దునా సాయంత్రమూ గురజాల ఎటుందో షార్ట్ సర్క్యూట్‌కి తెలుస్తుందా భాయ్?" అని అడిగితే ఆయన బండికి దూరంగా జరిగి నిలబడ్డాడు.

నాకు భయంగా ఉంది మాస్టరుగారూ. నవ్వులాటకు రాయడం లేదు.

ఉష

తా.క. నిన్న బంకులో పెట్రోలు కొట్టే యల్లమంద మామ, "ఆ పెద్దావిణ్ణి దించి కొట్టించుకో అమ్మాయ్, ఎండలో కూర్చోబెడతావేంది?" అన్నాడు. నేను వెనక్కి చూడకుండా "దిగండి" అన్నాను. బండి పైకి లేచింది.

నరసరావుపేట, సెప్టెంబరు 16

అమ్మాయ్ ఉషా,

నలభై ఎనిమిదేనా? సరిగ్గా చూశావా?

మూడేళ్లు రోజూ పొద్దున్నే బండి మీద కప్పిన పట్టా తీసి ఆ సీటు తుడిచాను. ఒక్కనాడూ ఎక్కలేదు. ముక్కూ మొహం తెలియని నీ వెనక ఎక్కి పల్నాడంతా ఊరేగుతోందా! ఇదేం న్యాయం?

ఆమెకు నా మీద అలక. ఇండికేటర్ సంగతి నాకు తెలిసిపోయింది. నేను గుండు కొట్టించుకుంటానని కోటప్పకొండకు మొక్కింది. జుట్టు పోతుందని నేను ఎగ్గొట్టాను. ఆదివారం ఆమెను కొండకు తీసుకురా. నేను గుండుతో మెట్ల దగ్గర ఉంటాను. నా వెంట వస్తే ఇంటికి తీసుకుపోతాను. నాకు ఇంతకంటే ఏమీ వద్దు.

నలభై దాటి నడపొద్దు. ఆమెకు భయం.

ఎదురుచూసే,
త్రికోటేశ్వరరావు

తా.క. నా గురించి ఏమన్నా అందా?

పిడుగురాళ్ల, సెప్టెంబరు 23

మాస్టరు గారికి,

మీకు గుండు బాగుంది. కానీ జరిగింది మీరే చూశారు. "రాజీ, ఇంటికి పోదాం రా" అని మీరు సీటు మీద చెయ్యి వేయగానే, తాళం నా చేతిలో ఉండగానే బండి స్టార్టయింది. మెట్ల దగ్గర కొబ్బరికాయలమ్మే ఆయన కొట్టు వదిలి పరిగెత్తాడు. ఆమె దిగలేదు.

సోమవారం నేను డ్యూటీకి పోతుంటే, కారంపూడి మలుపులో నా భుజం మీద రెండుసార్లు తట్టినట్టయింది. గాజుల చప్పుడు. తర్వాత చెవి పక్కనే ఒక మాట: "ఇటు పోదామండీ, పది నిమిషాలే."

నన్ను ఎవరూ అండీ అనరు. ఆ మాట నాకు చెప్పింది కాదు, మీకు చెప్పింది.

కోటప్పకొండ ఒక మూల, గురజాల ఒక మూల. అది మీకు తెలియదా? పిన్‌కోడులన్నీ నోటికొచ్చిన మనిషి మీరు! గురజాలలో ఎవరున్నారు?

ఉష

తా.క. మీరు చెప్పకపోతే ఇండికేటర్ ఎటంటే అటు పోతాను. ఆమె నాకంటే ధైర్యంగా ఉంది.

నరసరావుపేట, సెప్టెంబరు 26

అమ్మా ఉషా,

గురజాల అవతల పల్లెలో ఆమె చెల్లెలు గురవమ్మ ఉంది.

పన్నెండేళ్ల కిందట వాళ్ల ఊరి పంచాయతీ ఎన్నికల్లో మా పార్టీ వాడి మీద గురవమ్మ మొగుడు నిలబడ్డాడు. మా వాడు ఏడు ఓట్లతో పోయాడు. "ఆ గడప తొక్కితే మళ్లీ నా గడప తొక్కొద్దు" అన్నాను రాజేశ్వరితో. నిజానికి ఆ ఊళ్లో నాకు ఓటే లేదు. నా ఓటు నరసరావుపేటలో ఉంది.

ఏటా కారంపూడి తిరునాళ్లకు పోయేవాళ్లం. ఆ మలుపు రాగానే ఆమె నా భుజం తట్టి నువ్వు రాసిన ఆ మాటే అనేది. హెల్మెట్ ఉంది, గాలి కొడుతోంది, వినపడనట్టు గేరు మార్చేవాణ్ణి.

వినపడేదమ్మా. ప్రతిసారీ వినపడేది.

నువ్వు తీసుకుపో. నాకు మొహం చెల్లదు.

త్రికోటేశ్వరరావు

తా.క. గురవమ్మ కోపిష్టిది. ఇంజను ఆపకుండా మాట్లాడు.

పిడుగురాళ్ల, సెప్టెంబరు 30

బాబాయి గారికి,

ఇక మాస్టరుగారని రాయలేను.

నిన్న ఇండికేటర్ వెలగకముందే నేనే గురజాల వైపు తిప్పాను. ఆ ఇంటి ముందు ఆపగానే బండి వెనక భాగం మెల్లగా పైకి లేచింది. గురవమ్మగారు అరుగు మీద పూలు కడుతున్నారు. నన్ను చూడలేదు. నా పక్కకు చూశారు. దారం చేతిలోంచి జారిపోయింది. "ఇన్నేళ్లకా అక్కా వచ్చేది?" అని ఏడ్చారు. రెండు గ్లాసుల మంచినీళ్లు తెచ్చారు. ఒకటి నాకిచ్చి ఇంకోటి అరుగు మీద పెట్టారు. నేను తాగి చూసేసరికి రెండోది కూడా ఖాళీ.

వచ్చేటప్పుడు "పోదామా" అన్నాను. ఎవరూ ఎక్కలేదు. బండి తేలిగ్గా ఉంటే నాకు సంతోషం కలగాలి కదా, దారంతా ఏడుపొచ్చింది.

మీకు గురవమ్మగారి కబురు: "బావే వచ్చి పిలవాలి. మా అక్క పార్సిలు కాదు, ఇంకొకరితో పంపడానికి."

మీ ఉష

తా.క. కొత్త శారీ గార్డు పెట్టించాను. జమాల్ భాయ్ ఈసారి నవ్వలేదు. వెల్డింగ్ చేస్తూ సీటుకు సలాం చేశాడు.

గురజాల బస్టాండు, అక్టోబరు 5

అమ్మా ఉషా,

బస్సు కోసం కూర్చుని రాస్తున్నాను.

పొద్దున గురవమ్మ గేటు దగ్గర గంటసేపు నిలబడ్డాను. "లోపలికి రా బావా, గుండుకి ఎండ తగులుతుంది" అంది. అన్నం పెడుతూ పన్నెండేళ్ల తిట్లు ఒకేసారి తిట్టింది. అన్నీ తిన్నాను. తప్పు నాదేనన్నాను. ఆమె అరుగు చూపించింది. అక్కడికెళ్లి, "రాజీ, ఇప్పుడు వినపడుతోంది. పోదామా?" అన్నాను.

ఏమీ కాలేదమ్మా. గాజుల చప్పుడు కాలేదు, భుజం మీద చెయ్యి పడలేదు. కాటా లేదు, షాక్ అబ్జార్బరు లేదు, వచ్చిందో రాలేదో నాకెట్లా తెలుస్తుంది? రాలేదనే అనుకుంటున్నాను. ఆమెకు చెల్లెలి దగ్గరే బాగుందేమో. నేను ఒంటరిగానే ఇంటికి పోతున్నాను. బస్సు వచ్చింది.

నీ బాబాయి,
త్రికోటేశ్వరరావు

తా.క. బస్సులో రాస్తున్నాను, అక్షరాలు ఎగిరితే ఏమనుకోకు. జనం కిక్కిరిసి నిలబడ్డా నా పక్కన కిటికీ సీటులో ఎవరూ కూర్చోలేదు. కండక్టరు హసీనా నాకు రెండు టికెట్లు చింపిచ్చింది, ఒకటి జీరో టికెట్టు. "ఇది ఎవరికమ్మా?" అన్నాను. "ఆంటీకి. ఆడవాళ్లకు ఫ్రీ కదా అంకుల్! ఆధార్ చూపించమనండి" అంది. రాజేశ్వరి ఆధార్ కార్డు మూడేళ్లుగా నా జేబులోనే ఉంది. తీసిచ్చాను. హసీనా దాన్ని చూసి, కిటికీ వైపు చూసి, "కార్డులో కంటే ఇప్పుడే బాగున్నారు ఆంటీ" అని పోయింది.