కరెవ్వకు ఎన్నాళ్లు?

ఎమ్మిగనూరు,
12-2-1979

ఆదోని పశువుల డాక్టరు నరహరి సారుకు నేతగాడు ఉరుకుందప్ప దండాలు పెట్టి రాసేది.

నిన్న మా కుక్క కరెవ్వకు కుట్లు ఇప్పించుకొని క్షేమంగా ఇల్లు సేరినాం. దాని ఈపు మీద మీరు కోసి తీసిన గడ్డను పరీక్షకు పంపినారు గదా, ఏం తేలిందో దాపరికం లేకుండా రాయండి. మాకు బిడ్డల్లేరు సారూ. నేను నేస్తాంటే మగ్గం గుంతలో నా కాళ్ల మీద పండుకొని పెరిగిన కుక్క అది. ఎన్నాళ్లు బతుకుతాదో సెప్తే, అంతకు ఒక్క దినం ఎక్కువే బతికిచ్చుకుంటా.

ఇట్లు,
ఉరుకుందప్ప

తా.క.: మీ కాంపౌండర్ మద్దిలేటిని అది కరిసింది రోగంతో కాదు. మొదట తోక తొక్కింది ఆయప్పే.

ఆదోని,
16-2-1979

ఉరుకుందప్ప గారికి డాక్టర్ నరహరి నమస్కారాలు.

రిపోర్టు వచ్చింది. అది చర్మానికి వచ్చే లింఫోమా, అంటే ఒక రకం క్యాన్సరు. ఇన్నాళ్లని తేదీ వేసి చెప్పడం నా వల్ల కాదు. గడ్డ ఒక్కటే, అదీ తీసేశాం కాబట్టి ఏడాది, ఆపైన కూడా బతకవచ్చు. ఒళ్లంతా కొత్త గడ్డలు లేస్తే మాత్రం నెలలే. బాగా తినడం, బరువు తగ్గకపోవడం మంచి సూచనలు. పదిహేను రోజులకొకసారి ఒళ్లు తడిమి, గడ్డలెన్నో, తిండెంతో రాయండి.

మీ మేలు కోరే,
నరహరి

తా.క.: మద్దిలేటి రోజులు లెక్కపెట్టుకుంటున్నాడు. కరెవ్వ పది రోజులు బతికితే చాలు.

ఎమ్మిగనూరు,
1-3-1979

నరహరి సారుకు ఉరుకుందప్ప కోపంగానే దండాలు.

పైన ఏడాదని రాసి కింద పది దినాలంటిరే! కాంపౌండర్ గూడా లెక్కపెడతాండాడంటే ఇంగ నమ్మకేం జేస్తా? కబురు తెలిసి గూడూరు నుంచి మా వదిన సుంకమ్మ ఏడ్సుకుంటా వచ్చినాది. "ఉరుకుందా, ఆశ ఇడిసిపెట్టప్పా" అనె. "గడువు డాక్టరుది, కుక్క నాది. దాటిచ్చి సూపిస్తా" అంటి. మగ్గం ఆపినా. గుడ్లు, పాలు, కొర్రన్నం నా సేత్తో తినిపించినా. మీ జాబు అందినకాడి నుంచి ఈ పొద్దు పదకొండో దినం. సావలేదు!

ఇట్లు,
గడువు దాటిచ్చిన ఉరుకుందప్ప

తా.క.: బరువు పెరిగినాది. కానీ కడుపు కింద కొత్తగా ఎనిమిది గడ్డలు లేసినాయి, రెండు వరసలుగా, పూసలు గుచ్చినట్టు. నా పెండ్లాం దేవక్క ఏందో సెప్పబోతే, "గండం దాటినంక మాట్లాడు" అని నోరు మూయిచ్చినా.

ఆదోని,
5-3-1979

ఉరుకుందప్ప గారికి నమస్కారాలతో పాటు నా క్షమాపణలు.

పది రోజులన్నది కరెవ్వ ఆయుష్షు కాదు. కరిచిన కుక్క పది రోజులు ఆరోగ్యంగా ఉంటే దానికి పిచ్చి లేనట్టు. కరిపించుకున్నవాడికి బొడ్డు చుట్టూ సూదులు తప్పుతాయి. విడమరిచి రాయకపోవడం నా పొరపాటే. కానీ ఎనిమిది గడ్డలన్న మాట చదివి రిపోర్టు మళ్లీ తీసి చూశాను. నెలలో ఇంతగా పాకిందంటే ఇక రెండు నెలలు కూడా కష్టం. వెంటనే ఆదోనికి తీసుకురండి.

దిగులుతో,
నరహరి

తా.క.: ఇలా వరసలు తీరి లేచే గడ్డలను నా ఇరవై ఏళ్ల సర్వీసులో చూడలేదు. లెక్క మరోసారి సరిచూడండి.

ఎమ్మిగనూరు,
30-3-1979

నరహరి సారుకు ఉరుకుందప్ప, దేవక్క ఇద్దరూ పెట్టే దండాలు.

మీ జాబు సదివి అన్నం ముట్టలేదు. బస్సు కుదుపులకే సచ్చిపోతాదేమోనని కరెవ్వను తీసుకరాలేదు. సారు రెండు నెలలన్నాడు గదా, నేను మూడు నెలలు బతికిస్తానని మొండికేసి కూసున్యా. నిన్న పొద్దున మగ్గం గుంతలో ఒకటే మూలుగు. ఇంగ అయిపాయె అని తలకాయ పట్టుకుంటి. దేవక్క నన్ను పక్కకు నెట్టి గుంతలోకి దిగినాది.

"ఏడ్సింది సాలు, పోయి నీళ్లు కాంచుకరా! కడుపుతో ఉండాదని నెలనాడే సెప్పబోతే నోరు మూయిస్తివే!" అనె.

ఐదు పిల్లలు సారూ. ఆ గడ్డలనేటివి పాల చన్నులు.

అట్లని రోగం సంగతి మరిసిపోలేదు. అది మళ్లా ఎప్పుడు లేస్తాదో మీకూ తెలీదు, నాకూ తెలీదు. పదిహేను దినాలకొకతూరి ఒళ్లు తడుముతానే ఉంటా, మీకు రాస్తానే ఉంటా.

ఇట్లు,
ఉరుకుందప్ప

తా.క.: మీరు సెప్పినట్టు లెక్క సరిచూసినా. గడ్డలు సున్నా. కుక్కలు ఆరు.