బకెట్ నిండా రొయ్యలు

నాన్నకు,

ఇక్కడ ఇంట్లో అందరం బాగున్నాం. బాగోలేనిది మన ఏరు. దాని సంగతి ముందే రాస్తే చెయ్యి ఆగిపోతుంది, చివర రాస్తాను. నీ తుంటి నొప్పి తగ్గిందనీ, ఐనో అత్తయ్య చేసే రై రొట్టె నీకు పడుతోందనీ తెలిసి సంతోషించాను. ఊరి మురుగు శుద్ధిచేసే ప్లాంటులో గాలి యంత్రాల పక్కన ముప్పై ఒక్క ఏళ్ళు పనిచేసి చెవులు పోగొట్టుకున్నావు. ఫోనులో నా మాట వినబడదు కాబట్టే ఈ ఉత్తరాలు. ఇవాళ అదే మేలనిపిస్తోంది.

నువ్వడిగినవి చెబుతాను. బంగాళాదుంపలు పూతకొచ్చాయి. ఆవిరి స్నానాల గది పొగగొట్టం ఇంకా బాగుచేయించలేదు, కోప్పడకు. ప్లాంటులో నీ కుర్చీలో ఎవరు కూర్చుంటున్నారన్నావు. నీతో అన్నేళ్ళు పనిచేసిన ఉర్పో కూర్చోడు, నన్నూ కూర్చోనివ్వడు. దాని మీద తన టోపీ పెడతాడు. పొద్దున్నే "ఏమ్మా సైమీ, మీ నాన్న గంటలు మోగుతున్నాయా?" అని రోజూ అదే వేళాకోళం.

ఆ గంటల గురించే చెప్పాలి. తొట్టిలోంచి చుక్క తీసి మైక్రోస్కోపు కింద పెట్టి, కాడల మీద ఊగే ఆ చిన్ని గంటల్లాంటి జీవుల్ని నాకు మొదట చూపించింది నువ్వే. "ఊరి మురికి తినేవి ఈ తొట్టిలో జీవులేనే. గంటలు కనబడలేదా, మిగతావాటికీ మూడిందన్నమాట. వచ్చే మురుగును వెంటనే ఖాళీ తొట్టిలోకి తిప్పెయ్, ఏట్లోకి పోనివ్వకు" అన్నావు. "చూడంది ప్లాంటు పుస్తకంలో రాయకు" అని కూడా అన్నావు.

ఏటా జూలై ఇరవై ఒకటి మధ్యాహ్నం నుంచే కదా ఏట్లో రొయ్యలు పట్టడానికి అనుమతి. వంతెన కింద మన చోటు ఎవరైనా పట్టేస్తారేమోనని ఆ పొద్దున నాకు కాలు నిలవలేదు. మైక్రోస్కోపు మీది గుడ్డ కూడా తీయలేదు. పుస్తకంలో "గంటలు దండిగా ఉన్నాయి" అని రాసేసి రొయ్యలు పట్టే బుట్టలు తీసుకుని వెళ్ళిపోయాను.

అంతకుముందే ఎవరో మురుగు కాలువలో ఏదో విషపు మందు పారబోశారు. ఎవరో ఇంకా తేలలేదు. మర్నాడు పొద్దున్నే ఏటి ఒడ్డుకు వెళితే, నా బుట్టలు ఖాళీ, రొయ్యలు నీళ్ళలోంచి గట్టెక్కి గడ్డిలో పాకుతున్నాయి. ఒకటీ రెండూ కాదు, వందలు. ఊరంతా అక్కడే ఉంది.

"ఈ ఏడు బుట్టలెందుకే, కాళ్ళ దగ్గరికే వస్తుంటే!" అని పక్కింటి ఎల్వి నవ్వుతూ నా చేతిలో ఒక బకెట్ పెట్టింది. నీళ్ళలో మురుగు కలిసి ఊపిరాడక వస్తున్నాయని అక్కడ నాకొక్కదానికే తెలుసు. అయినా నోరు విప్పలేదు, బకెట్ తీసుకున్నాను. ప్లాంటుకు పరుగెత్తి చూస్తే చుక్కలో ఒక్క గంట లేదు. అప్పుడు తిప్పాను మురుగును. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు.

ఆ సాయంత్రమే సోయికూర వేసి రొయ్యలు ఉడికించి, "బకెట్ నిండా!" అని నీకు కార్డు రాశాను.

నీ జవాబు నిన్న వచ్చింది. "నేను పనిలో చేరిననాడు ఆ ఏట్లో కప్ప కూడా ఉండేది కాదే. బకెట్ నిండానా! ఇక నా చెవులు పోయినా దిగుల్లేదు" అన్నావు. నా కార్డును అత్తయ్య వంటింటి గోడకు అంటించి వచ్చినవాళ్ళందరికీ చదివి వినిపిస్తున్నానన్నావు. తల కొట్టేసినట్టయింది నాన్నా.

ఇటు ఉర్పో ఏం చేశాడో తెలుసా? విచారణకు వచ్చిన అధికారికి పుస్తకం చూపించి, నీ పేరెత్తి, "వెయిక్కో కూతురు చూడకుండా రాయదండీ. పాడైంది నేను చూసుకునే, తొట్టిలో గాలి కొలిచే మీటరే అయ్యుంటుంది" అని తప్పు తన నెత్తిన వేసుకున్నాడు. ఇవాళ పొద్దున ఉర్పో ఎదుటే ఆ వాక్యం కొట్టేసి, కింద "చూడలేదు" అని రాసి సంతకం పెట్టాను. అధికారికీ చెప్పాను. నా ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో వచ్చే వారం తెలుస్తుంది.

ఉర్పో పుస్తకం మూసి పక్కన పెట్టాడు. తర్వాత, "మీ నాన్న జ్వరంతో వచ్చినా కళ్ళద్దాలు తుడుచుకుని చూసేవాడమ్మా. ఆయనకు రాశావా?" అన్నాడు.

అందుకే రాస్తున్నాను. ఈసారి ఎన్ని పట్టావని అడిగావు కదా. ఒక్కటి కూడా పట్టలేదు నాన్నా. అవే బయటికొచ్చాయి. ఆ కార్డు గోడ మీంచి తీసెయ్.

ఇట్లు,
నీ ముఖం చూడలేని
నీ కూతురు సైమి